తలుపుకో రకం పిడి

నేను ఆమెను మొదటిసారి చూసినప్పుడు ఆమె తల అటక మీది అలమరలో ఉంది. నాకు కనిపించినవి రెండు పాదాలు, వాటి కింద ఊగుతున్న ఒక స్టూలు.

"ఎవరూ? పెయింటరా?" అంది లోపలి గొంతు.

"అవునండీ. వంటగది చూద్దామని..."

"చూడటం తర్వాత. ముందు ఆ స్టూలు పట్టుకోండి. నేను పడ్డానంటే మీకు పనిచ్చేవాళ్ళు ఉండరు."

పట్టుకున్నాను. ముందు ఒక డబ్బా వచ్చింది, తర్వాత రెండు సాలెగూళ్ళు, ఆ తర్వాత బూజు అంటిన ఒక ముఖం. ఆ బూజులోనే రెండు కళ్ళు నన్ను పైనుంచి కిందిదాకా కొలిచాయి. ఆమె దగ్గర్లోని బళ్ళో లెక్కల టీచరని తర్వాత తెలిసింది. తెలియకముందే నాకు హోంవర్కు చేయని భయం పట్టుకుంది.

"మీరు డిగ్రీ చదివారట?"

"బీకాం అండీ. మా ఇంట్లో నేనే మొదటివాణ్ణి."

"మరి చేతిలో బ్రష్షేంటి?"

"మా నాన్న వడ్రంగి. ఉద్యోగం వచ్చేదాకా సాయం చేద్దామనుకున్నాను. ఉద్యోగం రాలేదు, పని వచ్చింది. వచ్చాక వదలబుద్ధి కాలేదు."

"బాగుంది. డిగ్రీ మేస్త్రీ అన్నమాట!"

పేరు పెట్టేసింది. ఆ ఇంట్లో నాకు అదే ఖాయమైపోయింది.

పొలం మధ్యలో పాత ఇల్లు అది. వంటగది గోడలు మసిబారి, కిటికీ అద్దాలు పొగచూరి, మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాల్సి వస్తోంది. ఆమె ఫోన్లో బొమ్మలు చూపించింది. తెల్లటి అలమరలు, తలుపుల్లేని చెక్క అరలు, కిటికీలో చిన్న మొక్కలు.

"ఫామ్‌హౌస్ స్టైల్ అట. నా బడ్జెట్ మాత్రం ఒక్క నెల జీతం. అవుతుందా?"

"మేడమ్, ఇది పొలంలో ఇల్లే కదా. ఫామ్‌హౌస్ స్టైల్ కోసం వేరే చోటు వెతకడమెందుకు? మసి కడిగితే బయటపడుతుంది."

ఆమె నవ్వింది. నాకు ధైర్యం వచ్చింది. ఒక్కొక్కటే చెప్పాను. అలమరలు పీకక్కర్లేదు, చెక్క గట్టిది, రుద్ది రంగు వేస్తే చాలు. టైల్స్ మార్చొద్దు, వాటి మీదే వేసే రంగు ఉంది. పశువుల కొట్టంలో వృథాగా పడున్న పలక చిత్రిక పడితే మంచి అర అవుతుంది.

"నా వంటగదికి ఏ జబ్బూ లేదు బాబూ. జబ్బంతా దీనికీ, దీని ఫోనుకీ."

గుమ్మంలో నిలబడి ఉన్నావిడ టీచర్ మేనత్త. టీచర్నీ, ఆమె అన్ననీ పెంచింది ఆవిడే. యాభై దాటి ఉంటాయి. మాట కత్తిలా ఉంది.

"ఊరుకో అత్తా. నువ్వు కప్పులు పగలగొట్టడం మానితే నేనూ ఫోను మానేస్తా."

నన్ను గేటు దాకా సాగనంపుతూ టీచర్ అసలు సంగతి చెప్పింది. నెలరోజులుగా అత్త చేతిలోంచి గిన్నెలు జారుతున్నాయి. పోయిన వారం మణికట్టు కాల్చుకుంది. అది విని అన్నయ్య పట్టుబట్టాడు, ఈ ఆదివారం కారు తెచ్చి అత్తను తన ఫ్లాట్‌కి తీసుకుపోతానని. అక్కడ వంటకు మనిషి ఉంది.

"అక్కడ అత్త ఏం చేస్తుంది? కుర్చీలో కూర్చుంటుంది. వంటగది లేకపోతే మా అత్త అత్త కాదు. అంతా చీకటి వల్లే. ఆదివారంలోపు మీరు వెలుగు తెప్పించండి, అన్నయ్యతో నేను మాట్లాడతా."

"తెప్పిస్తాను" అన్నాను. నా చేతిలో ఉన్నవి ఆరు రోజులు.

అత్త స్టవ్ వరండాలోకి మారింది. నేను మసి కడిగాను, గోడలు గీకాను. బుధవారం వాన పట్టుకుంది. రంగు ఆరదు. టీచర్ బడినుంచి తడిసి వచ్చి, జుట్టు పిండుకుంటూ, "ఏం మేస్త్రీగారూ, రంగు ఆరిందా?" అంది.

"లేదండీ. గాలిలో తేమ ఎక్కువుంది."

"అలాగా! ఆ గోడని అరగంటగా చూస్తున్నారు, చూపుల వేడికి ఆరిపోతుందనుకున్నా."

నేను చూస్తున్నది గోడని కాదని ఆమెకు తెలిసే అందో, తెలియక అందో. విసనకర్ర తెచ్చి నాతోపాటు గోడకు విసిరింది కాసేపు. ఇద్దరం గోడకు విసురుతుంటే అత్త చూసి, "గోడకి జ్వరమా?" అని వెళ్ళిపోయింది.

తలుపులు రుద్దుతున్నప్పుడు ఒకటి గమనించాను. ప్రతి తలుపు కింది అంచునా, ప్రతి సొరుగు అంచునా చిన్న గాట్లు. ఒకదానికి ఒకటి, ఇంకోదానికి మూడు, మరోదానికి అడ్డంగా ఒకటి. ఎలుకల పనో, కత్తుల పనో అనుకున్నాను. పనిలో చిన్న లోపం కూడా ఉంచకూడదని మా నాన్న నేర్పాడు. అన్నింటిలోనూ పుట్టీ నింపి, గోరు తగలనంత నున్నగా రుద్ది, రెండు పూతలు తెల్లరంగు వేశాను. ఆ పని చూసుకుని నాకే ముచ్చటేసింది.

శుక్రవారానికి గది పాలు పోసినట్టుంది. టీచర్ గుమ్మంలో ఆగిపోయింది. "ఇది మా వంటగదేనా?" అంది. ఆ ఒక్క మాటకి నా భుజాల నొప్పి పోయింది.

"అత్తా, కొత్త వంటగదిలో మొదటి టీ!"

స్టవ్ తిరిగి లోపలికి తెచ్చాక అత్త టీ పెట్టింది. నేనో గుక్క తాగాను. మింగాలా వద్దా అని ఆలోచిస్తుంటే టీచర్ పరుగున వెళ్ళి ఊసేసి వచ్చింది.

"ఉప్పు! అత్తా, ఉప్పు వేశావు!" అంటూ పడీపడీ నవ్వింది.

అత్త నవ్వలేదు. "మీ రంగు కంపుకి నా బుర్ర తిరిగిపోతోంది. నా వంటగదిని ఆస్పత్రి చేసిపెట్టారు" అని విసురుగా సొరుగు లాగింది. చెంచాల సొరుగు కాదది. మూసింది. ఇంకోటి లాగింది. అదీ కాదు.

టీచర్ ముఖం వాడిపోయింది. "నచ్చలేదు అత్తకి" అని మెల్లగా నాతో అని, పెరట్లోకి వెళ్ళిపోయింది.

నేను మాత్రం అత్త వేళ్ళు చూస్తున్నాను. అవి తలుపు కింది అంచు వెంబడి అటూ ఇటూ పాకుతున్నాయి. దేన్నో వెతుకుతున్నాయి. నేను నున్నగా చేసిన చోట వెతుకుతున్నాయి.

చేతిలోని కప్పు కింద పెట్టాను.

"అమ్మా... ఆ గాట్లు మీరు పెట్టినవా?"

ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఒక గాటు ఉప్పు, మూడు గాట్లు చక్కెర. చూపు తగ్గి రెండేళ్ళయింది బాబూ. మధ్యలో మసక, చుట్టూ అంచులు కనపడతాయి. నువ్వెక్కడ నిలబడ్డావో తెలుసు, నీ ముక్కు ఎలా ఉందో తెలియదు."

"మేడమ్‌కి తెలియదా?"

"తెలిస్తే బడి మానేసి నా కొంగు పట్టుకు తిరుగుతుంది. దాని అన్నకి తెలిస్తే ఇవాళే కారెక్కిస్తాడు. చెప్పకు."

నాకు అబద్ధాలు రావు. అది గొప్పతనమేం కాదు, చేతకానితనం. "నా నోటితో చెప్పనమ్మా. కానీ ఆదివారంలోపు మీరే చెప్పాలి. గాట్లు పూడ్చింది నేను, దానికో దారి చూసే పూచీ నాది" అన్నాను.

మళ్ళీ గాట్లు పెడితే టీచర్ అడుగుతుంది. ఇంటికి వెళ్ళి నాన్న పాత సామాన్ల పెట్టె బోర్లించాను. శనివారం పొద్దున్నే వచ్చి, పాత పిడులన్నీ విప్పేసి కొత్తవి బిగించాను. చక్కెరకి తోలుపట్టీ. ఉప్పుకి గుండ్రటి చెక్కబంతి. చెంచాల సొరుగుకి వంచిన చెంచా. టీపొడికి ఇనుపకడియం. కత్తులకి ముడివేసిన తాడు.

టీచర్ చూసి నోరు తెరిచింది. "ఇదేంటి? పెళ్ళిలో గ్రూప్ ఫొటోలా ఉంది! ఒకళ్ళకొకళ్ళకి పోలికే లేదు."

"ఫామ్‌హౌస్ స్టైల్లో... ఇలా కూడా ఉంటాయండీ."

"ఎక్కడ ఉంటాయి? ఏదీ, బొమ్మ చూపించండి."

నేను తాడు ముడి సరిచేసే పనిలో పడ్డాను. ఇంతలో అత్త లోపలికి వచ్చింది. ఏ పిడి దేనికో నేను ముందే చెప్పి ఉంచానుగా, ఆవిడ వేళ్ళు గబగబా తడుముకుంటూ తోలుపట్టీ దగ్గర ఆగాయి. లాగింది. చక్కెర తీసింది. కిటికీ వైపు ముఖం పెట్టి, సొరుగు వైపు చూడకుండానే చెంచా అందుకుంది. వాన గురించి ఏదో అంటూ కప్పు పట్టుకుని వరండాలోకి వెళ్ళింది.

టీచర్ నవ్వు సగంలో ఆగింది. తర్వాత గట్టిగా కళ్ళు మూసుకుని, చెయ్యి చాపి, తోలుపట్టీ తడిమింది. చెక్కబంతి తడిమింది. కడియం తడిమింది.

కళ్ళు తెరిచేసరికి అవి నిండి ఉన్నాయి.

"మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"నిన్నట్నుంచి."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"అది ఆవిడ మాటండీ. ఆవిడే చెప్పాలి."

"నేనెవర్ని మరి? ఇదే ఇంట్లో, ఇదే బల్ల దగ్గర రోజూ కూర్చుంటున్నా. నాకు తెలియంది మీకు తెలిసింది, నన్ను నవ్వనిచ్చారు! వెళ్ళండి మేస్త్రీగారూ. దయచేసి వెళ్ళండి."

వెళ్ళిపోయాను.

నాన్న అంతా విన్నాడు. "పని అయిందా?" అన్నాడు చివరికి.

"స్టవ్ మీటలు మిగిలాయి."

"వాళ్ళు తిట్టనీ, కొట్టనీ. పని సగంలో వదిలేసి ఇంట్లో కూర్చుంటావా?"

ఆదివారం వెళ్ళేసరికి వాకిట్లో కారుంది. అన్నయ్య వంటగది మధ్యలో నిలబడి, "సర్దుకున్నావా అత్తా?" అంటున్నాడు. టీచర్ గోడకానుకుని ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నన్ను చూసి పొమ్మనలేదు, రమ్మనీ అనలేదు.

"స్టవ్ పని మిగిలిందండీ" అని వంగి పని మొదలుపెట్టాను. ప్రతి మీట మీదా ఒక అగ్గిపుల్ల ముక్క అతికించాను. నిలువుగా తగిలితే ఆరినట్టు, అడ్డంగా తగిలితే వెలుగుతున్నట్టు.

"ఇదెందుకు?" అన్నాడు అన్నయ్య.

నేను అత్త వైపు చూశాను. టీచర్ కూడా అటే చూసింది. ఆమె గట్టిగా చేతులు కట్టుకుని ఉండటం చూస్తే, చెప్పేయకుండా ఆపుకుంటోందని తెలుస్తోంది. ఆమె కూడా అత్త కోసమే ఆగుతోంది.

"నాకు కళ్ళు సరిగ్గా కనపడటం లేదురా" అంది అత్త. "అందుకే."

అన్నయ్య కూర్చుండిపోయాడు. "చూశావా! అందుకే రమ్మంటున్నా. ఇలాంటప్పుడు ఇక్కడెలా ఉంటావు?"

"ఇలాగే."

అత్త స్టవ్ ముట్టించింది. కడియం, తోలుపట్టీ, చెంచా, ఒక్కటీ తప్పలేదు. నాలుగు కప్పుల టీ బల్ల మీదికి వచ్చింది, ఒక్క చుక్క ఒలకలేదు.

"నీ ఇంట్లో చక్కెర ఎక్కడుంటుందో నాకు తెలుసా? అడగాలి. నీళ్ళకీ అడగాలి. అక్కడికొస్తే నేను గుడ్డిదాన్నవుతానురా. ఇక్కడ నేను వంట చేసుకునే మనిషిని."

అన్నయ్య కప్పు ఎత్తాడు. తాగాడు. ఖాళీ కప్పు బల్ల మీద పెట్టాడు.

"డాక్టర్‌కి చూపించుకోవాలి మరి."

"మంగళవారం అపాయింట్‌మెంట్" అంది టీచర్ వెంటనే. "బడికి సెలవు పెట్టాను. ఒక్క రోజే. ఉద్యోగం మానట్లేదు అత్తా, కంగారుపడకు."

"అయితే మంగళవారం నేనూ వస్తాను" అన్నాడతను. కారు తాళాలు జేబులో వేసుకుని ఇంకో కప్పు అడిగాడు.

నేను సామాను సర్దుకుంటుంటే టీచర్ పక్కకి వచ్చింది.

"నిన్న వెళ్ళమన్నాను."

"అవునండీ."

"వెళ్ళమంటే అలా వెళ్ళిపోవడమేనా?"

"మరి... ఎలా వెళ్ళాలండీ?"

ఆమె నవ్వాపుకుంది. "మీ మీద కాదు కోపం. ఇన్నాళ్ళూ నాకు కనపడలేదే అని. మీరెలా కనిపెట్టారు?"

"నేనే పూడ్చాను కాబట్టి. తప్పు చేసినవాడికి ముందు తెలుస్తుంది."

"ఆ గుమ్మం దగ్గర గుసగుసలేంటి?" అత్త కేకేసింది. "ఇటు రండి ఇద్దరూ. ఈ అబ్బాయి వారం రోజులు నా ఇంట్లో తిరిగాడు, ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియదు. చెప్పవే, ఎలా ఉంటాడు?"

"నేనా? నేను చెప్పాలా?"

"నువ్వు కాక గోడ చెబుతుందా?"

టీచర్ నా వైపు తిరిగింది. లెక్క తప్పు ఎక్కడుందో వెతికేటప్పుడు చూస్తారే, అంత శ్రద్ధగా చూసింది. నాకు ఎటు చూడాలో తెలియలేదు.

"నల్లగా, పొడుగ్గా ఉంటాడు. జుట్టులో ఎప్పుడూ తెల్లరంగు ఉంటుంది. అబద్ధం చెప్పాలంటే చేతికి ఏదో ఒక పని కల్పించుకుంటాడు. నవ్వితే ముందు కళ్ళు నవ్వుతాయి..." ఆమె గొంతు తగ్గింది. "చూస్తుంటే... రోజూ చూడాలనిపించేలా ఉంటాడు అత్తా."

అన్నయ్య దగ్గాడు. నా చేతిలో స్క్రూడ్రైవర్ కిందపడింది.

"అలాగా" అంది అత్త తాపీగా. "బాబూ, ముఖం కనపడకపోయినా అంచులు కనపడతాయని చెప్పానుగా. నీ చెవులు రెండూ ఎర్రగా వెలిగిపోతున్నాయి. నీ సమాధానం నాకు అందింది. ఆ పిల్లకి మాత్రం నోటితో చెప్పు."

చెప్పాను. ఏం చెప్పానో సరిగ్గా గుర్తులేదు. మధ్యలో రెండుసార్లు "మేడమ్" అన్నానని ఆమె ఇప్పటికీ ఏడిపిస్తుంది.