కప్పు తీసిన బడి

భోజనాల బెల్లు కొట్టినా షారోన్ కదల్లేదు. ఆఖరి వరస పెంకులు అతికిస్తోంది.

తెనాలిలో వాళ్ల స్కూల్లో ఆ రోజు ఎగ్జిబిషన్. మధ్యాహ్నం పేరెంట్స్ వస్తారు. ఆరో తరగతి వాళ్లకి దేవకుమారి టీచర్ పాతకాలపు బడుల మోడల్స్ చెయ్యమన్నారు. షారోన్, గిరీష్ కలిసి జపాన్‌లోని షిజుతాని బడి చేశారు. మూడొందల యాభై ఏళ్ల కిందట అక్కడి ప్రభువు మామూలు జనం పిల్లల కోసం కట్టించిన బడి అది.

గోడలు అట్టతో చేశారు. గిరీష్ పక్క ఊరు నందివెలుగు నుంచి తెచ్చిన బంకమట్టితో ఎర్రటి పెంకులు చేశారు. చుట్టూ రాతి గోడ. దాని పైభాగం తాటిదుంగ పడుకోబెట్టినట్టు గుండ్రంగా ఉంది. పక్కనే చిన్న గుట్ట.

"గుట్ట ఎందుకక్కా?"

గుమ్మంలో రెండో తరగతి తేజస్వి నిలబడి ఉంది.

"అటు పక్క పిల్లల హాస్టల్ ఉండేది. అక్కడ నిప్పంటుకుంటే బడి దాకా రాకుండా అడ్డం పెట్టారు," అన్నాడు గిరీష్.

"మరి లోపల ఏముంది?" అంటూ తేజస్వి వచ్చి రెండు చేతులతో కప్పు ఎత్తబోయింది. అంచు పెంకులు టపటపా ఊడి పడ్డాయి.

"ఏంటే నువ్వు! ఎంత కష్టపడి చేశామో తెలుసా? ఇది నీలాంటి చిన్నపిల్లలకి కాదు. పో!" షారోన్ ఆ చేతుల మీద ఒక్కటిచ్చింది.

తేజస్వి ఏడవలేదు. మట్టి చేతులు గౌనుకి తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

"పెంకులే కదా, మళ్లీ అతికిద్దాం," అన్నాడు గిరీష్. షారోన్ ఊడిన పెంకులు ఏరుతోంది.

మధ్యాహ్నం క్లాసు నిండా జనం. షారోన్ గొంతు సవరించుకుంది.

"నమస్కారమండి. ఇది షిజుతాని బడి. రైతుల పిల్లలు, మామూలు ఇళ్ల పిల్లలు చదువుకోవాలని కట్టించారు. వేరే ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లని కూడా పొమ్మన..."

షారోన్ చూపు కిటికీ మీద పడింది. అవతల వరండాలో ఊచలు పట్టుకుని తేజస్వి వింటోంది. లోపలికి మాత్రం రావడం లేదు.

"చెప్పమ్మా, ఆగావేం?" అన్నారు ముందు నిలబడ్డ తాతగారొకాయన.

"ఒక్క నిమిషం తాతగారూ," అని షారోన్ వరండాలోకి పరిగెత్తింది.

"చెయ్యి నొప్పెట్టిందా తేజూ?"

"కొంచెం."

"నిన్ను కొట్టడం తప్పే. సారీ. రా, లోపల చూద్దువు గాని."

కప్పుకి ఒక పక్క షారోన్ పట్టుకుంది. రెండో పక్క తేజస్వి చేత పట్టించింది. ఇద్దరూ మెల్లగా పైకెత్తారు.

లోపల గోధుమరంగు నేల తళతళా మెరుస్తోంది. తేజస్వి తొంగి చూసింది.

"ఖాళీగా ఉందేంటక్కా? పిల్లలేరీ?"

షారోన్, గిరీష్ మొహమొహాలు చూసుకున్నారు. "అసలు సంగతే మర్చిపోయాం!" అని గిరీష్ నవ్వేశాడు.

మిగిలిన బంకమట్టి తెచ్చి షారోన్ తేజస్వి ముందు పెట్టింది. "నువ్వే చెయ్యి."

బొటనవేలంత పిల్ల తయారైంది. ఒంటి కంటే తల పెద్దది. దాన్ని తేజస్వి నేల మధ్యలో కూర్చోబెట్టింది. అది చూసి ఇంకో ఇద్దరు చిన్నపిల్లలు మట్టి అడిగారు. వాళ్ల వెనక మరో నలుగురు. ఒకడు తన బొమ్మకి స్కూలు బ్యాగ్ కూడా తగిలించాడు.

కాసేపటికి దేవకుమారి టీచర్ వచ్చారు. "అంత అందంగా చేసిన కప్పు పక్కన పెట్టేశారేంటమ్మా?"

షారోన్ ముందు వరసలో బొమ్మల్ని వేలితో కాస్త జరిపి చోటు చేస్తోంది.

"ఇంకా పిల్లలొస్తున్నారండి, టీచర్."