లెక్కకు రాని ఒత్తు

2025 మే 14, ఉదయం. ఓర్వకల్లు విమానాశ్రయం దగ్గరి అతిథిగృహంలో సమావేశమైనవారు ముగ్గురు: నిఘా విభాగాధిపతి సుంకప్ప, ఏజెంట్ వీరభద్ర, విదేశీ ముఠాలో ఉంటూ మనకు సమాచారం చేరవేసే నాగజ్యోతి.

ఆమె నల్ల కళ్ళద్దాలు తీసింది. "సాయంత్రం కడప కరెంటు కంట్రోల్ రూమును ఆర్పేస్తారప్పా. బాంబేమీ లేదు. కరెంటు పోయిందని ఫిర్యాదు పెట్టి, అందులో ఒక పేరు పంపుతారు, అంతే."

కడపలో, జనరేటర్ చెడిన ఒక చిన్న ఆసుపత్రిలో, వీరభద్ర అక్క సిద్దమ్మ వెంటిలేటర్ మీద ఉంది.

"పేరుతో ఎట్లా?" అన్నాడతను.

"ఆ సాఫ్ట్‌వేర్ రాసింది ఆత్మకూరాయన. ఫిర్యాదులు తీసుకునేదీ, కరెంటు నడిపేదీ అదే. పేరుకు మెమరీలో ఇరవై గదులు పెట్టినాడు. మనం బడిలో లెక్కపెట్టినట్టు ఈరన్న అంటే మూడక్షరాలే అనుకున్నాడు. మిషనుకు ఒత్తు కూడా వేరే లెక్క, ఈరన్నంటే ఐదు గుర్తులు, గుర్తుకు మూడు గదులు. ఈరన్నకే పదిహేను గదులు కావాల."

"మరి పెద్ద ఈరన్నకు?"

"పొంగి పక్క గదుల్లో పడతాది. అక్కడ మిషను ఆజ్ఞలుండాయి. వీళ్ళు ఒత్తుల మీద ఒత్తులు పెట్టి శానా పొడుగు పేరు కట్టినారు. దాని తోకలో 'ఆపెయ్' అనే ఆజ్ఞ ఉండాది."

"ఎవరూ పరీక్షించలేదా?" అన్నాడు సుంకప్ప.

"రమ అని కొట్టి చూసినారంట సార్. సరిపోయింది."

సాయంత్రం బండల వ్యాపారి వేషంలో వీరభద్ర కడప కంట్రోల్ రూముకు చేరాడు. ఆపరేటర్ భువన సంకేతవాక్యం అడిగింది. "నల్లబండ యాడిదప్పా?"

"ఓర్వకల్లుది. నీళ్ళు తాగదు."

ఆమె తలుపు తీసింది. అప్పటికే తెర మీద ఆ పేరు దిగుతోంది, ఒత్తు కింద ఒత్తుగా. వీరభద్ర చేతిలోని నమూనా బండను విరిచి, లోపల దాచిన కత్తెర తీసి, బయటినుంచి ఫిర్యాదులు తెచ్చే కేబుల్‌ను తెంచాడు. దీపాలు ఒకసారి మినుకుమని నిలదొక్కుకున్నాయి.

"రేపు మళ్ళీ కలపాల," అంది భువన నెమ్మదిగా. "ఫిర్యాదులు రాకుంటే పైవాళ్ళు ఊరుకోరు."

"సాఫ్ట్‌వేర్ మార్చరా?"

"రాసినాయన పోయినాడు. కంపెనీ మూసేసినారు. అన్ని జిల్లాల్లో ఇదే నడుస్తాండాది. పొడుగు పేరొచ్చి ఆగిపోతే ఆపి, మళ్ళీ ఆన్ చేస్తాం. అదే రిపేరు."

ఆసుపత్రికి ఫోను చేశాడు. అక్క ఊపిరి ఆడుతోంది. రేపటి సంగతి ఎవరినీ అడగలేదు.

రాత్రికి సుంకప్ప నివేదిక అతని ముందుకు తోశాడు. 'ప్రమాదం తొలగినది.'

"'ఈ పూటకు' అని చేర్చండి సార్."

"జాగా లేదప్పా."

వీరభద్ర తన పేరులోని ఒత్తును తలుచుకున్నాడు. ఎందుకైనా మంచిదని ఇంగ్లీషులో రెండు పొడి అక్షరాలతో సంతకం చేసి, తన నకలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.