చాలన్న పగడం

పొద్దున్నే కాఫీ కంటే ముందు ఉప్పునీళ్ల సంగతి చూసుకునే రోజులు వచ్చాయి విశాఖకి. సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడి చచ్చిపోయాక, మిగిలిన కొమ్మల్ని ముక్కలు చేసి ఇళ్లకు పంచారు. ఇంట్లో పెంచి, కడలి చల్లబడ్డాక మళ్లీ నాటాలని ఆశ.

పగడపు తొట్టె పెట్టడం బ్రహ్మవిద్యేమీ కాదు. అడుగున ఇసుక, జీవశిల అనే బొరియల రాయి, ఉప్పు కలిపిన మంచినీళ్లు, చిన్న అలల మోటారు, పైన నీలి దీపం. కొన్ని వారాలు చేతులు కట్టుకుని కూర్చుంటే రాతిలో సూక్ష్మజీవులు కుదురుకుంటాయి. ఆ తర్వాత పాచి తినే నత్తలు, చివర్న పగడం. ఆ చేతులు కట్టుకోవడమే మనవాళ్లకి చేతకాదు! అందుకే శాస్త్రవేత్త మేఖల 'నీటిగొంతు' కనిపెట్టింది. నీళ్లలో పేరుకునే నైట్రేట్ అనే మలినాన్ని సెన్సర్‌తో పసిగట్టి, పగడానికి ఏం కావాలో తెలుగులో చెప్పే చిన్న పెట్టె అది.

అయినా తొట్టెలు చస్తూనే ఉన్నాయి. జాలారిపేటలో నూకరత్నం ఇంట్లో ఉన్న ఎర్రకొమ్మ ఆ జాతిలో ఆఖరిది. ల్యాబులో దాని తోబుట్టువులన్నీ పోయాయి. అది కూడా వాడుతోందని కబురందగానే మేఖల పరుగున వచ్చింది.

తొట్టె నిండా పచ్చటి పాచి. నూకరత్నం చిటికెడు మేత వేస్తోంది.

"చాలు," అంది నీటిగొంతు మృదువుగా.

నూకరత్నం ఇంకో చిటికెడు వేసింది.

"అయ్యో పిన్నీ! చాలంటోంది కదా!"

"అలగే అంటాది. చాలన్నాదని చెయ్యి ఎనక్కి తీసీడానికి నానేటి పిసినారినా? పాపం, మొగమాటం పడతంది."

తప్పెక్కడ జరిగిందో మేఖలకి అప్పుడు తెలిసింది. పెట్టెకి అంత మర్యాదగా మాట్లాడటం నేర్పింది తనే. ఈ గడ్డ మీద చాలన్నాక కనీసం రెండు గరిటెలైనా పడకుండా లేచిన చుట్టం ఉన్నాడా?

"ఇది చుట్టం కాదు పిన్నీ. దీనికి మొహమాటం తెలీదు. వెలుగే దీని అసలు తిండి. మిగిలిన మేత కుళ్లి దీన్ని చంపేస్తోంది. చాలంటే చాలే. నా మీద ఒట్టు వెయ్యండి."

ఆ మాట వింటూనే నూకరత్నం ముఖం పాలిపోయింది. "నా సేత్తో నానే సంపేత్తన్నానా?" అని కళ్లొత్తుకుంది. ఆ చేతినే మేఖల నెత్తిన పెట్టి ఒట్టేసింది.

నీళ్లు మార్చారు. పాచి తగ్గింది. కొమ్మ బతికింది. మేఖల ఇల్లిల్లూ తిరిగి అదే ఒట్టు వేయించుకుంది. మరుసటి ఏడాదికి ఎర్రకొమ్మ గుబురుగా పెరిగి, దాని పిలకలు వీధిలో ప్రతి తొట్టెలోకీ చేరాయి. కడలి కాస్త చల్లబడి, మొదటి పిలకను అందులో నాటిన రోజు మేఖల పడవలోంచి దిగి, ఆకలితో నకనకలాడుతూ తిన్నగా నూకరత్నం ఇంటికి వచ్చింది.

వేడన్నం, రొయ్యల ఇగురు. మొదటి వాయి ఎటుపోయిందో తెలీలేదు. నూకరత్నం మళ్లీ గరిటె ఎత్తింది.

"అబ్బే, చాలు పిన్నీ," అంది మేఖల. వేళ్ల మధ్య సందు ఉంచి మరీ కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

గరిటె గిన్నెలోకి వెళ్లిపోయింది. గిన్నె మీద మూత పడింది.

మేఖల చెయ్యి కంచం మీదే ఉండిపోయింది. ఇగురు వాసన ఇంకా ముక్కుని లాగుతూనే ఉంది.

"ఒక్కసారైనా బలవంతం చెయ్యరా?" అంది, ఉండబట్టలేక.

"చాలంటే చాలేనని నువ్వే కదేటమ్మా ఒట్టేయించుకున్నావు? ఇప్పుడు మా పేటంతా ఇంతే. మొన్న పెళ్లిలో మొగపెళ్లోరు ఒక్క వాయికే లేచిపోనారు. ఎందుకో మూతి ముడుచుకున్నారు."

మేఖలకి నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. పగడాన్ని బతికించబోయి తను ఏం చంపిందో అర్థమైంది.

"పిన్నీ, నేను పగడాన్ని కాదు. ఆకలేస్తోంది. ఇంకొంచెం పెట్టండి."

నూకరత్నం మూత తియ్యబోయి ఆగింది. మేఖల ముఖంలోకి అనుమానంగా చూసింది.

"నిజంగా అడుగుతన్నావా, నా మనసు కట్టపెట్టలేక మాటవరసకి అంటన్నావా?"