ఈగ వాలని సర్వర్

"పదకొండు దాకా అవతలి శత్రువుల లైన్ తెరిచే ఉంటుంది," అన్నాడు చీఫ్. "ఈలోపు మన ఏజెంట్ల జాబితా ఉన్న ఆ ఫైల్ సముద్రం దాటిందా, మారుపేర్లతో ఉన్న మనవాళ్ళు పదకొండుమందీ పోయినట్టే."

ఆ జాబితాలో నాలుగో పేరు ఏజెంట్ నీడ తమ్ముడిది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"ఫైల్ ఆ మందుల కంపెనీ సర్వర్లో ఉంది. పైకి మందులు, లోపల గూఢచారి ముఠా. రెండు రోజులుగా ఏవో పర్మిషన్ ఎర్రర్లట, ఇంజనీర్ని పిలిచారు. ఆ ఇంజనీర్‌వి నువ్వే. ఫైల్ చెరిపెయ్. లోపల మన మనిషి ఒకామె ఉంది."

"దాడి చేసేయచ్చుగా, సార్?"

"పైనుంచి పర్మిషన్ రాలేదయ్యా!"

పదిన్నరకి నీడ మెడలో దొంగ బ్యాడ్జీతో, చొక్కా బొత్తాంలో కెమెరాతో సర్వర్ రూమ్‌లో కూర్చున్నాడు. సెంటు ఘుమఘుమలతో ఎండీగారి సెక్రటరీ వచ్చింది.

"గొడుగు తెచ్చారా?"

"ఇంట్లో మరిచాను."

కోడ్ సరిపోయింది.

"సర్వర్ చూసుకునే మా అడ్మిన్ పన్ను పీకించుకోడానికి సెలవు పెట్టాడు," అంది ఆమె. "సెలవు పెట్టినప్పుడల్లా అందరి పర్మిషన్లూ తీసేసి పోతాడు. తను లేనప్పుడు సర్వర్ మీద ఈగ వాలకూడదాయనకి. ఫోనూ ఎత్తడు."

నీడ డిలీట్ నొక్కాడు. అనుమతి లేదు. ఇంకో దారిన వెళ్ళాడు. అనుమతి లేదు. జరిగిందల్లా నమోదయ్యే సిస్టమ్ లాగ్ తెరిస్తే పైనుంచి కిందిదాకా అదే మాట. తాళమైతే పగలగొట్టేవాడు, మనిషైతే పడగొట్టేవాడు. కరెంటు పీకుదామంటే అలారం మోగుతుంది, గుమ్మంలో నాలుగు తుపాకులున్నాయి. ఇరవై ఏళ్ళ సర్వీసులో అతనికి ఏడుపు రావడం ఇదే మొదటిసారి. చిన్నప్పుడు సైకిల్ మీంచి పడ్డ తమ్ముడు "అన్నయ్యా" అని అరిచిన అరుపు చెవిలో మోగుతోంది.

పదీ యాభై ఎనిమిది.

"అందరికీ పూర్తి పర్మిషన్ అని టిక్కు పెట్టండి," అంది సెక్రటరీ మెల్లగా. "మీ ఇంజనీర్ లాగిన్‌ని ఆ ఒక్కటీ చెయ్యనిస్తుంది. తర్వాత తీరిగ్గా చెరపచ్చు."

వేరే గతి లేదు. నీడ మౌస్ పట్టుకున్నాడు. చెమటకి వేళ్ళు జారుతుంటే చెయ్యి తీసి ప్యాంటుకి తుడుచుకున్నాడు.

అతను ఏమీ ముట్టుకోవడం లేదు. అయినా లాగ్‌లో వరసలు పడుతూనే ఉన్నాయి. సెకనుకొకటి. అనుమతి లేదు, అనుమతి లేదు.

ఎవరికి?

వరస పక్కన ఖాతా పేరు చదివాడు. అతనిది కాదు. ఫైల్ని సముద్రం దాటించాల్సిన ప్రోగ్రామ్‌ది! రెండు రోజులుగా అదీ తనలాగే గుమ్మం బయట తల బాదుకుంటోంది. అందరికీ అంటే దానికీ. టిక్కు పెట్టిన మరుసటి సెకన్లో ఫైల్ వెళ్ళిపోతుంది.

"మీరు ఎవరి మనిషండీ?" అన్నాడు నీడ.

ఆమె ఒక చేత్తో పిస్తోలు తీసి, రెండో చేత్తో మౌస్ మీద పడింది. నీడ మౌస్ వైరు పట్టుకుని పీకేశాడు.

పదకొండు. లాగ్‌లో చివరి వరస పడింది. అనుమతి లేదు. అవతలి లైన్ మూసుకుపోయింది.

అప్పుడే బయట కాల్పులు వినిపించాయి, తలుపు బద్దలైంది. చీఫ్‌కి పర్మిషన్ వచ్చినట్టుంది.

మర్నాడు తమ్ముడి క్షేమం తెలిశాక నీడ అడ్మిన్‌కి దణ్ణం పెట్టడానికి వెళ్ళాడు. వాచిన చెంప పట్టుకుని ముసలాయన గుడ్లురిమాడు.

"నా మౌస్ పీకడానికి నీకు పర్మిషన్ ఎవడిచ్చాడయ్యా?"