బిడ్డ తల కింద చెయ్యి

ఆమె కూర్చోమన్నా కూర్చోలేదు. భుజం మీద పసిబిడ్డ, చేతిలో ప్లాస్టిక్ సంచి. సంచి బల్ల మీద పెట్టి, "మా నాన్న చొక్కా. వాసన చూడండి," అంది.

డిటెక్టివ్ చొక్కా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గుప్పుమని బ్రాందీ. ఏ మాటకైనా ముందు "నిదానం" అంటాడు కాబట్టి అందరూ ఆయన్ని నిదానంగారనే పిలుస్తారు. పక్కన టైపు చేస్తున్న సహాయకురాలు మిషను ఆపి చూసింది. ఆయన చూసినవన్నీ తనకీ కనబడాలని ఆమె తాపత్రయం.

"పోలీసులు ఏమన్నారమ్మా?"

"తాగి పరంజా మీంచి పడి చనిపోయాడన్నారు. నేలకి తల పగిలిందట. సినిమా బోర్డులు గీసేవాడండీ. ఒకప్పుడు తాగుబోతే, కాదనను. నేను పుట్టినప్పుడు ఇంటికే రాలేదట. వీడు పుట్టాక మా ఆయనకీ నాన్నకీ ఒకటే చెప్పాను, తాగిన చేత్తో నా బిడ్డను ముట్టుకోవద్దని. నాన్న ఆ రోజే మానేశాడు. నేను పనికెళ్తూ వీణ్ణి ఆయన చేతుల్లోనే పెట్టేదాన్ని." బిడ్డను ఇంకో భుజానికి మార్చుకుంది. "నాకు అబద్ధం చెప్పాడా? అది తేల్చండి చాలు."

"నిదానం. తేలింది నీకు నచ్చకపోవచ్చు."

"నచ్చకపోతే ఏడుస్తాను. తెలియకపోతే బతకలేను."

షెడ్డులో బోర్డు గోడంత ఎత్తున నిలబడి ఉంది. రాబోయే సినిమాలో దృశ్యం అది. జైలు నుంచి వచ్చిన తాగుబోతు తండ్రి, ఆసుపత్రి వరండాలో, అప్పుడే పుట్టిన కొడుకును మొదటిసారి ఎత్తుకున్నాడు. మాసిన గడ్డం, కళ్ళనిండా నీళ్ళు, ఎక్కడ జారవిడుస్తానో అన్న భయం. బోర్డు పక్కన దారానికి, చూసి గీయడానికి, ఆ దృశ్యం ఫోటో వేలాడుతోంది.

"రేపోమాపో హాలు ముందు నిలబెట్టాలండీ," అన్నాడు షెడ్డు యజమాని. "పోయినాయన పోయాడు, నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టి పోయాడు."

అక్షరాలు రాసే ముసలి పెయింటర్ చిన్నగా నవ్వాడు. "మీరింకా నిలబడే ఉన్నారు కదా, సంతోషించండి."

"పని ఎలా పంచుకునేవారు?" అడిగాడు నిదానంగారు.

"వంటింట్లో తోడికోడళ్ళలాగే. ముందు వెనకభాగం, బట్టలు. అవి ఆయన అల్లుడివి. అవి ఆరాక మొహాలూ చేతులూ. ఆయన తప్ప ఎవరూ ముట్టకూడదు. ఆఖర్న అక్షరాలు, నేను. ఒకరి పనిలో ఒకరం వేలు పెట్టం. పెడితే ఆయన నోరు మీరు వినలేదు!"

"మీకూ ఆయనకీ పడదటగా?"

"ఏనాడూ పడలేదు. ఇప్పుడెవరితో పోట్లాడాలో తెలియడం లేదండీ."

అల్లుడు గోడకి ఆనుకుని ఉన్నాడు. ఎర్రబడ్డ కళ్ళు. "నా పని ముందురోజే అయిపోయింది. ఆ రోజు పరంజా ఎక్కనేలేదు."

"మామగారు మళ్ళీ మొదలుపెట్టారా?"

"మానేశాననేవాడు. మానడం అంత తేలికా అండీ?"

నిదానంగారు గేటు దాకా వెనక్కి నడిచి బోర్డు వంక చూశాడు. "ఏమనిపిస్తోంది?" అని సహాయకురాల్ని అడిగాడు.

"మొహం చూస్తే కడుపు తరుక్కుపోతోంది. కానీ... అంత పసిగుడ్డును అలా ఎవరూ ఎత్తుకోరండీ. మెడ నిలవదు. తల గాల్లో ఉంది."

ఆయన ఫోటో తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

సాయంత్రం అందరినీ బోర్డు ముందుకు పిలిపించాడు. ఇన్‌స్పెక్టర్ కూడా వచ్చాడు. కూతురు బిడ్డతో ఒక మూల నిలబడింది.

"ఫోటోలో తండ్రి అరచెయ్యి బిడ్డ తల కింద ఉంది," అన్నాడు నిదానంగారు. "బోర్డు మీద అక్కడ దుప్పటి మడతలున్నాయి. జీవితమంతా చేతులు గీసిన మనిషి ఆ చెయ్యి మరిచిపోడు."

పరంజా ఎక్కి, కిరసనాయిల్ గుడ్డతో ఆ మడతల మీద మెల్లగా రుద్దాడు. తెల్లరంగు కరిగింది. దాని కింద చెదిరిపోయిన వేళ్ళు. వేళ్ళ మీద ముదురు గోధుమరంగు మరకలు. అవి ఎంత రుద్దినా పోలేదు.

"రంగైతే కిరసనాయిల్‌కి కరిగేది. ఇది రక్తం. నేల మీద పగిలిన తల రక్తం ఇంత ఎత్తుకి రాదు. ఆయన్ని ఇక్కడే కొట్టి కిందికి తోశారు. తుడవబోతే పచ్చిరంగు చెదిరి చెయ్యి పాడైంది. చెయ్యి గీయడం కొట్టినవాడికి రాదు. వచ్చింది ఒక్కటే, బట్ట. అదే కప్పాడు. బట్టలు ముందు, ఒళ్ళు తర్వాత అన్నారు. మరి చేతి మీదికి బట్ట ఎలా వచ్చింది?"

అందరి చూపులూ అల్లుడి మీదికి తిరిగాయి. అతను పారిపోలేదు. కాళ్ళు మడిచి నేల మీద కూలబడ్డాడు.

"తాగే వెళ్ళాను," అన్నాడు. "ఇంట్లో బిడ్డను ఒక్కసారి ఎత్తుకోనివ్వమని అడిగాను. కిందికి కూడా చూడలేదు. మానేసి రా, అప్పుడు చూద్దాం అన్నాడు, ఆ చెయ్యి గీస్తూనే. బొమ్మలో తాగుబోతుకి బిడ్డనిచ్చాడండీ! నాకివ్వలేదు. ఎక్కి, చేతికందిన ఇనుప కడ్డీతో..."

"బ్రాందీ?"

"నా సీసాలోదే. మీద పోశాను. ఆయన గురించి ఎవరైనా నమ్ముతారని."

ఇన్‌స్పెక్టర్ అతని జబ్బ పట్టుకుని లేపాడు. అప్పుడు కూతురు ముందుకొచ్చింది. ఆమె మొహంలో రక్తం లేదు. సహాయకురాలు బిడ్డను అందుకోబోయింది. ఆమె ఇవ్వలేదు.

"ఒక్కటి చెప్పు," అంది మొగుడితో. "నువ్వు దగ్గరికెళ్ళినప్పుడు మా నాన్న నోరు వాసన వేసిందా?"

అతను తలెత్తలేకపోయాడు. "లేదు."

"గట్టిగా చెప్పు. వీళ్ళందరూ వినాలి."

"లేదు. ఆయన తాగలేదు."

ఆమె పక్కకి జరిగి దారి ఇచ్చింది. జీపు చప్పుడు దూరమయ్యేదాకా అలాగే నిలబడింది. బిడ్డ ఏడుపు అందుకున్నాడు. వాడికి పాలవేళయింది. ఆమె అక్కడే, రంగు డబ్బాల మధ్య కూర్చుని, కొంగు చాటున వాణ్ణి రొమ్ముకు చేర్చుకుంది. మగవాళ్ళు ముగ్గురూ బయటికి నడిచారు.