రెండు సెకన్ల కొబ్బరికాయ

“కొబ్బరిసెట్టు కింద కూకోకే తల్లీ! కాయ రాలితే బుర్ర పగిలిపోద్ది!”

జలంత్రకోట నుంచి గౌరీశ్వరి ఫోనులో మొదలుపెట్టింది. కూతురు కాశీబుగ్గలో కంప్యూటర్ కోర్సు చేస్తోందని ఆమె నమ్మకం. అది సగమే నిజం.

ఆ కూతురు, ఏజెంట్ ధరణి, జీడిపిక్కలు కొట్టే కూలీ వేషంలో, జీడిపప్పు ఆరబెట్టే ఇనుప గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది. చీఫ్ శివాజీ బ్రీఫింగ్ క్లుప్తం: “విదేశీ ముఠా సముద్రంలోకి మైన్, అంటే తేలే బాంబు, వదిలింది. సిగ్నల్ లేదు. గాలీ, ప్రవాహం లెక్కగట్టి మధ్యాహ్నానికి ఎక్కడుంటుందో చెప్పు. డైవర్లు ఒక్కచోటికే వెళ్లగలరు.”

ఇలాంటి లెక్కల కోసమే నెలరోజులుగా ఆమెకు పైథాన్ కోడింగ్ నేర్పుతోంది బిందుమాధవి. డిపార్ట్‌మెంట్ సిమ్యులేషన్ ఎక్స్‌పర్ట్. పైకి పట్టుచీర, నల్లకళ్లద్దాలు, జీడిపప్పు ఎక్స్‌పోర్టర్ వేషం.

బిందుమాధవి ఇచ్చిన ప్రోగ్రాం జవాబిచ్చింది: మైన్ నడిసముద్రంలోనే ఉంటుంది.

పంపబోయి ధరణి ఆగింది. తెలిసిన లెక్క మీద పరీక్షించకుండా ఏ ప్రోగ్రాంనీ నమ్మకూడదు. ఫోనులో అమ్మ ఇంకా కాయ గురించే చెబుతోంది. సరే, కాయే కానీ. ఫోన్ మ్యూట్‌లో పెట్టింది. ఇరవై మీటర్ల చెట్టు. రెండు సెకన్లలో నేల తాకాలి.

స్క్రీన్ మీద నాలుగు.

కోడ్ తెరిచింది. గడియారం రెండు సెకన్లు నడిస్తే, వస్తువు ఒక్క సెకను మేరే కదులుతోంది. అంటే మైన్ రెట్టింపు దూరం పోతుంది. మూలపేట పోర్టు! వందలమంది పనివాళ్లు!

ఆ కోడ్ రాసింది ఒక్కరే.

బయట తలుపుకు తాళం పడింది.

“నీ స్క్రీన్ నాకూ కనిపిస్తోంది. ఈక్వేషన్లు నేర్పాను. అనుమానించడం నేర్పలేదే!” తలుపు అవతల బిందుమాధవి నవ్వింది.

“అది మాయమ్మ నేర్పిందిలే!”

బయట ఆవిరి వాల్వు తిరిగింది. ఇనుప గోడలు కాగుతున్నాయి. ఊపిరి అందడం లేదు. చెమటకు వేళ్లు జారిపోతున్నా, తప్పు దిద్ది రన్ కొట్టింది. అంకెలు కనిపించాయి, వెంటనే వేడికి లాప్‌టాప్ ఆరిపోయింది. చేతి గాజులోని ట్రాన్స్‌మిటర్ నొక్కింది.

“చీఫ్! మైన్ మూలపేట వైపు! అలల్ని ఆపే బ్రేక్‌వాటర్ గోడ పక్కనే! బిందుమాధవి నన్ను గదిలో బంధించింది!”

ధరణి నేలకు జారిపోయింది. ఎంతసేపో...

“డైవర్లు మైన్ తీగ తెంపేశారు,” అంది గాజులోంచి చీఫ్ గొంతు చివరికి. “ఇంకో మూడు సెకన్లైతే పేలేది. మీ టీచరమ్మ గేటు దగ్గర దొరికింది. తలుపు పగలగొడుతున్నాం.”

ఫోను ఇంకా ఆన్‌లోనే ఉంది.

“అమ్మీ! పలకవేటే? కాయ గానీ పడిపోనాదేటి? ఓలమ్మో!”

ధరణి మ్యూట్ తీసింది.

“పడిందమ్మా. రెండు సెకన్లకే.”