నోట్లో మేకులు

పాత కుర్చీలకు కొత్త గుడ్డ కొట్టడం మా పని. చిన్న మేకులు గుప్పెడు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కోటే పెదాల మీదికి తెచ్చి, అయస్కాంతం సుత్తికి అందిస్తాం. చూసేవాళ్ళకు రోత. మాకు అలవాటు.

ఆ ఫిబ్రవరిలో మిసెస్ థరోగుడ్ అనే ఆవిడ బాగుచెయ్యమని రెండు మహాగని చెక్క చేతుల కుర్చీలు పంపింది. రెండొందల యాభై ఏళ్ళ నాటివి. చేతుల చివర చెక్కిన సింహాల తలలు, నోళ్ళు తెరుచుకుని. ఇంగ్లండులో మా సఫోక్ అంతా వాన. షెడ్డు తలుపులు మూసి గుడ్డ ఒలిస్తే లోపల మెత్త కోసం కూరిన, జిడ్డుకట్టిన గుర్రపు వెంట్రుకలు. ఎన్ని తరాల చెమటో. ఆ కంపుకి తలుపు మళ్ళీ ఓరగా తెరిచాను.

"ఛీ, ఎవరో ఇందులోనే చచ్చి నానారక్కా," అంది మా చెల్లి టాబీ.

"పెళ్ళికూతురివి, ఆ మాటలేంటే? శనివారం పాస్టరు గారు అడిగినప్పుడు బుద్ధిగా 'సరే' అను."

"అంతకు మించి అంటే రోలీ పెళ్ళి మానుకుని పారిపోతాడులే."

పీకిన మేకులు పారేయాలి. నా బుద్ధి గడ్డి తిని, కుర్చీ కాలం నాటివే మళ్ళీ కొడదామన్నాను. బట్టల సోడా కలిపిన నీళ్ళలో మరిగించి ఆరబెట్టాను. మర్నాడు మధ్యాహ్నం టాబీ వాటిని నోట్లో పోసుకుంది.

రెండు దెబ్బలు కొట్టి ఆగింది.

"అక్కా... ఇవి వెచ్చగా ఉన్నాయి."

"నోట్లో పెడితే వెచ్చగా ఉండవా? కానియ్."

"కాదక్కా... ముందే తడిగా ఉన్నాయి. ఎవరో చప్పరించి ఇచ్చినట్టు..."

అరచెయ్యి పట్టాను. ఉమ్మింది. మేకులతో పాటు పసుప్పచ్చటి ఎంగిలి... చిక్కగా, తీగలా సాగుతూ. పాచి కంపు. అందులో ఒక పన్ను. పుచ్చి, మొదట్లో మెత్తగా...

టాబీ నోరు వెతికాను. పళ్ళన్నీ ఉన్నాయి.

చెల్లిని పట్టుకోవాల్సింది పోయి, ముందు నా చెయ్యి తుడుచుకున్నాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఏదైనా మాట్లాడవే."

తల అడ్డంగా ఊపింది. నోరు తెరిచే ఉంది. నాలుక కదలట్లేదు.

వెంటనే డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చెక్కపుల్లతో దాని నాలుక ఎత్తబోయారు. లేవలేదు. లైటు దగ్గరికి జరిపారు. నాలుక అంచు చుట్టూ నల్లటి చుక్కలు... సమానమైన ఎడంలో... కుర్చీ అంచుకి మేం కొట్టే మేకుల వరసలాగే.

"ఎవరు కొట్టారివి?"

"ఇందాక మేకులు నోట్లో పెట్టుకుందండీ... తీసెయ్యండి. శనివారం తను మాట్లాడాలి."

ఆయన పుల్లతో ఒక చుక్కని నొక్కి చూశారు. గొంతు తగ్గించారు.

"ఇందాకటివి కావమ్మా. మీదికి కండ పెరిగిపోయింది. తక్కువలో తక్కువ ముప్ఫై ఏళ్ళ నాటివి."

టాబీకి ఇరవై ఆరు.